నూట ఇరవై క్రేట్లు

తనను ప్రశ్న అడిగినవాళ్లను వీధిలోకి తీసుకుపోవడం పురుషోత్తమాచారిగారి అలవాటు. మదనపల్లెలో ఆయన బండ్ల పని నేర్పేవారు. ఒకనాటి పొద్దున శిష్యురాలు మునిలక్ష్మి వచ్చి, "అయ్యా, కరెంటు బండికి బ్యాటరీ గొప్పదా, హైడ్రోజన్ గొప్పదా?" అని అడిగింది. టమాటా రైతుల సంఘం ఏ బండ్లు కొనాలో ఆమె సాయంత్రానికల్లా రాసివ్వాలి. నిజానికి జవాబు ఆమె దగ్గర సిద్ధంగానే ఉంది. కరెంటుతో హైడ్రోజన్ తయారుచేసి, దాన్ని బండిలో మళ్లీ కరెంటుగా మార్చుకునేసరికి, బ్యాటరీ బండికి పట్టే కరెంటుకు రెండింతల పైనే పడుతుంది. అందుకే అన్నీ బ్యాటరీవే అని రాసేసుకుంది. గురువుగారి చేత ఔననిపించుకుంటే చాలు.

ఆయన ఆమెను మార్కెట్ యార్డుకు తీసుకుపోయారు. అక్కడ పాత శిష్యుడు మస్తాన్ లారీ ఢిల్లీకి నిండా లోడై ఉంది.

"ఇంత దూరం పోయే లారీకి నీ బ్యాటరీ ఎంత తూగుతుంది?"

"మూడు టన్నులు తక్కువ ఉండదండీ."

"క్రేటు పాతిక కిలోలు. అంటే బ్యాటరీ బరువుకు నూట ఇరవై క్రేట్లు తగ్గాలి. దించమను."

మస్తాన్ నవ్వుతూ తలుపు తీశాడు. హమాలీలు నలభై దించారో లేదో, టమాటా రైతు రెడ్డెమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆ క్రేట్లు ఆమెవే.

"నా కాయలు ఎందుకు దించుతుండారు? ఎండకు మెత్తబడితే ఎవురు కొంటారు?"

"ఈ బండి ఛార్జింగ్‌కని దారిలో గంటలు గంటలు నిలబడేది కాదు మునిలక్ష్మీ. నేను దిగితే మా బావ ఎక్కుతాడు," అన్నాడు మస్తాన్. "దారిపొడుగునా నింపుకునే చోట్లు పెట్టిస్తే, ఆ హైడ్రోజనే ఇప్పించు."

మునిలక్ష్మి సిగ్గుపడి, తానే ఒక క్రేటు ఎత్తి లారీలోకి అందించింది. "అయితే అన్నీ హైడ్రోజన్‌వే రాస్తానండీ!"

గురువుగారు పక్కనున్న ఆటో వైపు తిరిగారు. "రెడ్డెమ్మా, మునిలక్ష్మి నీ ఆటోకి హైడ్రోజన్ పెట్టిస్తుందంట."

"అది యాడ దొరుకుతుంది?"

"ఈ చుట్టుపక్కల ఎక్కడా లేదక్కా," అని నసిగింది మునిలక్ష్మి.

"చేను నించి ఈడికి, ఈడ నించి ఇంటికి పొయ్యే బండి ఇది. మిగతా పొద్దంతా వాకిట్లోనే పడుంటుంది. ఇంట్లో కరెంటు పెట్టుకొని, దానికోసం నేను ఊర్లు పట్టుకొని తిరగాల్నా?"

హమాలీలు గొల్లున నవ్వారు. మునిలక్ష్మికీ నవ్వాగలేదు. నవ్వు తగ్గాక కాగితం తీసి, రాసింది కొట్టేసి అడిగింది: "మరి ఏది గొప్పదని రాయమంటారండీ?"

ఆచారిగారు చివరి క్రేటు పైకి అందించి చేతులు దులుపుకున్నారు. "మస్తాన్ ఎంత దూరమో చెప్పాడు. రెడ్డెమ్మ ఎంత దగ్గరో చెప్పింది. గొప్పదేదని వీళ్లిద్దరిలో ఎవరడిగారమ్మా?"