ఎర్రక్క తవ్విన చెలమ

అనగనగా ఒక అడవిలో, ఎండాకాలం రాగానే ఎండిపోయే వాగు ఒకటి ఉండేది. దాని ఒడ్డున ఒక దుప్పుల మంద బతికేది. ఆ మందకు ఒక కట్టుబాటు ఉంది. వాగు ఎండిన రోజున అందరూ లేచి, కొండలు దాటి, పెద్ద నదికి వెళ్లిపోవాలి. నడవలేనివాళ్లు ఉండిపోవాలి. వెళ్లేవాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు గానీ అందరూ పాటించేవాళ్లు. నాకు మాత్రం ఆ కట్టుబాటు ఎప్పుడూ నచ్చలేదు, పిల్లలూ.

ఆ ఏడు వాగు ఎండేనాటికి, ఎర్రక్క అనే దుప్పి కొడుకు చుక్కన్న కాలికి దెబ్బ తగిలింది. బండల మధ్య ఇరుక్కుని బెణికింది. మూడు కాళ్ల మీద కుంటుతూ నాలుగు అడుగులు వేస్తే చాలు, కూలబడిపోయేవాడు.

మందకు పెద్దదిక్కు అయిన పెద్దవ్వ వచ్చింది. "ఎర్రక్కా, రేపు తెల్లారగానే బయలుదేరుతున్నాం. వాడు రాలేడు. నీకు తెలుసు కదమ్మా," అంది.

"అయితే నేనూ రాను అవ్వా," అంది ఎర్రక్క.

"ఇక్కడ నీళ్లేవే?"

"వాగు అడుగున ఉంటాయి. చెలమ తవ్వుతాను."

చెలమ అంటే తెలుసుగా? ఎండిన వాగు ఇసుకలో లోతుగా గుంట తవ్వితే అడుగున ఊట పడుతుంది. ఆ నీటిగుంటే చెలమ.

పెద్దవ్వ వాగు ఒడ్డు వైపు ఒకసారి చూసి మందలోకి వెళ్లిపోయింది. చాలా ఏళ్ల కిందట ఆమె కూడా ఒక పసిదాన్ని ఇదే ఒడ్డున వదిలి వెళ్లింది. ఆ మాట మందలో ఎవరూ ఎత్తరు. తెల్లవారింది. మంద కదిలింది. ఎవరూ వెనక్కి చూడలేదు.

ఒడ్డు పైన ఒక బండ గుంటలో కాసిని వాన నీళ్లు మిగిలి ఉన్నాయి. అవి ఇంకిపోయేలోగా చెలమలో నీళ్లు పడాలి. పడకపోతే చుక్కన్న బతకడు. ఎర్రక్క వాగులోకి దిగి, ముందు కాలి గిట్టతో ఇసుక గీకడం మొదలుపెట్టింది.

అటుగా గుట్టయ్య అనే అడవిపంది వచ్చాడు. చూసి పకపకా నవ్వాడు.

"దుప్పి తవ్వడమేమిటి అక్కా! నువ్వు పక్కకు జరుగు. ఒక్క పూటలో నీళ్లు పొంగిస్తా!"

అన్నట్టే రెచ్చిపోయి తవ్వాడు. సాయంత్రానికి నిట్టనిలువు గొయ్యి ఏర్పడింది. అడుగున ఇసుక తడిగా తగిలింది. "చూశావా నా తడాఖా!" అని మీసాలు దువ్వుకుంటూ వెళ్లి పడుకున్నాడు. పొద్దున వచ్చి చూస్తే గొయ్యి లేదు. అంచులు విరిగిపడి మొత్తం పూడిపోయింది.

"ఛీ, ఈ వాగులో నీళ్లే లేవు!" అని ఇసుకను ఒక్క తన్ను తన్ని, నది దారి పట్టాడు. తవ్వింది ఒక్క పూట, తీర్పు మాత్రం వాగు మొత్తానికి!

ఒడ్డులో బొరియ చేసుకుని ఉండే ముసలి ఉడుము ఇదంతా చూసింది.

"అమ్మాయ్," అని పిలిచింది. "ఇసుక రాలుతుంది. దాని గుణం అది. దాని మీద కోపమెందుకు? గుంట మూతి వెడల్పుగా తియ్యి. రాత్రి రాలింది పొద్దున్నే ఎత్తి దూరంగా పొయ్యి. ఆ తర్వాతే కొత్తది తవ్వు. ఒక్క పొద్దు మానావో, మళ్లీ మొదటికొస్తావు."

ఎర్రక్క అలాగే చేసింది. రోజూ ఎండ ఎక్కకముందే వాగులోకి దిగేది. రాలిన ఇసుక ఎత్తేది. ఇంకాస్త తవ్వేది. చివర్లో కొడుకును పిలిచి, వాడి గిట్ట అడుగున పెట్టించేది.

"నిన్నటికంటే చల్లగా ఉంది కదూ? నీళ్లు దగ్గరపడ్డట్టే," అనేది.

"అవునమ్మా," అనేవాడు చుక్కన్న.

కొన్ని రోజులు నిజంగానే చల్లగా ఉండేది. కొన్ని రోజులు ఉండేది కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఒకరోజు మధ్యాహ్నం వడగాడ్పు లేచింది. పొద్దుపోయేదాకా ఇసుకను ఎత్తి పోసింది. మర్నాడు ఎర్రక్క వచ్చి చూస్తే చెలమ కనబడలేదు. బండ గుంటలో బురద తప్ప ఏమీ మిగల్లేదు. ఆమె మోకాళ్ల మీద కూలిపోయి ఏడ్చింది.

"నా వల్ల కాదు నాన్నా. ఇక నా వల్ల కాదు," అంది.

చుక్కన్న కుంటుకుంటూ వాగులోకి దిగాడు. ఇసుకలో గిట్ట పెట్టి చూశాడు.

"అమ్మా, ఈరోజు చల్లగా లేదే. కాలుతోంది. అయినా తవ్వుదాం. మనం తవ్వే వేళ అయింది కదా," అన్నాడు.

వాడు దెబ్బ తగిలిన కాలితోనే ఇసుక గీకసాగాడు. నొప్పికి పళ్లు బిగించాడు గానీ ఆపలేదు. తల్లి కాసేపు వాడినే చూసింది. తర్వాత లేచింది. ఇద్దరూ కలిసి ఎత్తారు. ఎత్తుతుంటే తెలిసింది, పైన పడింది గాలి ఇసుక మాత్రమే. రోజూ కాస్త కాస్త సర్దిన అంచులు లోపల చెక్కుచెదరలేదు. వాళ్ల కష్టం అడుగున అలాగే ఉంది. పాత అడుగు దొరికాక, ఎప్పటిలాగే ఇంకాస్త తవ్వారు.

మర్నాడు పొద్దున్నే రాలిన ఇసుక ఎత్తి, చుక్కన్న అడుగున గిట్ట పెట్టి తీశాడు. ఆ గిట్ట గుర్తులో మెల్లగా నీళ్లు నిండాయి. తల్లి నీళ్లు తేరుకునేదాకా ఆగి, ముందు కొడుకు చేత తాగించింది.

నీళ్లు పడ్డాక కూడా వాళ్లు ఇసుక ఎత్తడం మానలేదు. వానలు వచ్చేదాకా చెలమ వాళ్లను బతికించింది.

తొలకరికి మంద తిరిగి వచ్చింది. చుక్కన్న నాలుగు కాళ్ల మీదా నిలబడి ఉన్నాడు. పెద్దవ్వ వాణ్ణి ఒళ్లంతా వాసన చూసింది.

"వీడు ఎలా బతికాడే?" అంది.

"రోజూ పొద్దున్నే తవ్వాం అవ్వా. అంతే."

"అంతేనా?" అంది పెద్దవ్వ.

"అంతే అవ్వా."

పెద్దవ్వ చాలాసేపు ఆ ఒడ్డునే నిలబడిపోయింది.

వాగు పొంగి చెలమను కప్పేసింది. మళ్లీ ఎండాకాలం వచ్చింది, వాగు ఎండింది. ఆ ఏడు కూడా మందలో నడవలేని పసివాళ్లు ఉన్నారు. అందరూ ప్రయాణానికి లేచి పెద్దవ్వ కోసం చూశారు. ఆమె వాగు మధ్యలో ఉంది. అరిగిపోయిన గిట్టలతో ఇసుక గీకుతోంది.

"ఇంకా చల్లబడలేదు. అయినా రండి," అంది తల ఎత్తకుండా.

ఆ ఏడు కొండల వైపు ఎవరూ కదల్లేదు.

నీతి: ఒక్కరోజు ఆవేశం కంటే రోజూ ఆపకుండా చేసే చిన్న పని గొప్పది, ఆశ కనబడని రోజున కూడా ఆ పని మానని వారికే కోరుకున్నది దక్కుతుంది.