తోడుకోని పాలు

రంగూన్‌లో బియ్యం మిల్లు మూతపడి మూడు నెలలైంది. ధాన్యం కొనే నాథుడు లేడు, బస్తా మోసేవాడికి పని లేదు. తెలుగు కూలీల బస్తీ రోజుకో గుడిసె చొప్పున ఖాళీ అవుతోంది. అలాంటప్పుడు కూలీలను కుదిర్చే ఒక మేస్త్రీ వచ్చి, మలయాలో రబ్బరు తోటలున్నాయనీ, ఓడ మర్నాడు పొద్దున్నేననీ చెప్పాడు. మిల్లు కూలీ పైడన్న ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసేశాడు.

వేసి, తిన్నగా ముత్యాలదాసు గుడిసెకు వచ్చాడు. తత్వాలు పాడుకుని బతికే ఆ ముసలాయనే అతనికి గురువు. పైడన్న ఆయన ముందు కూర్చుని, బొబ్బిలి దగ్గర చేను ఎండిపోతే ఇక్కడికొచ్చాననీ, పదకొండేళ్ళు మూటలు మోశాననీ, ఉన్న ఒక్క కూతుర్నీ ఇక్కడి జ్వరమే తీసుకుపోయిందనీ చెప్పుకున్నాడు. దరిద్రుడు తల కడగబోతే వడగళ్ళ వానని ఊరికే అన్నారా అని వాపోయాడు.

"నాతో ఓడెక్కినోళ్ళు కొందరు ఇక్కడే కుదురుకున్నారు గురువుగోరూ. నానెక్కడా కుదురుకోలేదు. నాలోనే ఏదో పాపముంది. అదేటో సెప్పండి."

దాసు లేచి పొయ్యి రాజేశాడు. పాలు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, రెండు ముంతల్లో పోశాడు. రెండింటికీ ఒకే గిన్నెలోంచి తోడు వేశాడు. ఒకటి గూట్లో పెట్టి, రెండోది పైడన్న చేతికిచ్చి రేవుదాకా వెళ్ళి రమ్మన్నాడు. వచ్చాక మిల్లు గేటుదాకా పొమ్మన్నాడు. తర్వాత మళ్ళీ రేవుకి. ఎందుకని అడిగితే చెప్పడు.

పైడన్నకు ఒళ్ళు మండింది. కడుపు కాలి వస్తే ఈయన పాలముంత మోయిస్తాడేమిటని లోపల్లోపల తిట్టుకున్నాడు. అయినా మోశాడు. మోయడం తప్ప అతనికి చేతనైన పని ఇంకేముంది?

పొద్దు వాలాక దాసు రెండు ముంతలూ పక్కపక్కన పెట్టి మూతలు తీశాడు. గూట్లోది గడ్డపెరుగు. పైడన్న మోసింది విరిగి నీళ్ళు తేలింది. అది పాలూ కాదు, పెరుగూ కాదు.

పైడన్న విరిగిన ముంతను దగ్గరికి లాక్కున్నాడు.

"మలయాలోనైనా తోడుకుంటానా గురువుగోరూ?"

"ఓడ కదలకుండా ఉంటాదేట్రా?" అన్నాడు దాసు.

పైడన్నకు ఏడుపు ఆగలేదు. తను మోసిన ముంత ఎత్తి వాకిట్లో పారబొయ్యబోయాడు. ముసలాయన అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పారబొయ్యకు. పాలది తప్పు కాదు."