ఖాళీ మాక్రో

తాయారమ్మగారి దగ్గర ఆపరేటింగ్ సిస్టం కోడ్ రాయడం నేర్చుకునేవాళ్లందరికీ ఒక సంగతి తెలుసు. ఆవిడ వాదించరు. మాట మధ్యలో లేచి చెప్పులు వేసుకున్నారంటే ఎవరికో మూడిందన్నమాట.

ఆ మధ్యాహ్నం వంతు ఫణీంద్రది. రోగి వేలికి క్లిప్పు తగిలిస్తే నాడి చూపే మానిటర్లు నలభై, సాయంత్రానికల్లా ఒక ఆసుపత్రికి వెళ్లాలి. వాటిలో నడిచే సీ కోడ్ అతనిదే. నాడిని ప్రతిసారీ కొత్తగా చదవమని యంత్రానికి చెప్పే మాక్రో అనే పొట్టి కోడ్ ముక్క ఒకటి, కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే అతని కంపైలర్లో ఉంది. మానిటర్లలోని పాత చిప్పుకు వాడే కంపైలర్లో లేదు. అందుకని అదే పేరుతో బదులు మాక్రో ఒకటి రాసి, లోపల ఏమీ పెట్టకుండా వదిలేశాడు. ఒక్క తప్పూ చూపకుండా కంపైల్ అయింది. ఇక బెంగ దేనికనుకున్నాడు.

"ఖాళీగా ఉంటే ఏం పోయిందండీ? మీరూ కొన్ని ఖాళీగా వదిలారు కదా," అన్నాడు.

"వదిలాను," అంటూ ఆవిడ చెప్పులు వేసుకున్నారు.

పెరటిగది తలుపు తీయగానే లోపల టిక్కు టిక్కుమని చప్పుడు. బల్ల మీద పాత మానిటర్. తెర మీద ఆకుపచ్చగా డెబ్బై రెండు. వైరు చివరి క్లిప్పు ఏ వేలికీ లేదు, ఊరికే బల్ల మీద పడి ఉంది.

"పెట్టుకో," అన్నారావిడ.

పెట్టుకున్నాడు. అతని గుండె చప్పుడు అతనికే వినబడుతోంది. తెర మీద డెబ్బై రెండే. మొండికేసి ఇరవై గుంజీలు తీశాడు. అయినా డెబ్బై రెండే.

"ఈ అంకె ఎవరిదండీ?" అని అడిగాడు.

"నూకరత్నమని ఒకావిడది. పదకొండేళ్ల కిందట ఓ పొద్దున ఆన్ చేసినప్పుడు ఈ యంత్రం ఆవిడ నాడి ఒక్కసారి చదివింది, అంతే. నర్సులు వచ్చి అంకె చూసుకుని వెళ్లారు, మళ్లీ వచ్చి చూసుకుని వెళ్లారు. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చిన కూతురు చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉందిట. ఆ ఖాళీ మాక్రో రాసింది నేనే."

ఆవిడ చీర చెంగుతో తెర తుడిచారు. ఆపితే ఆ అంకె పోతుందని బ్యాటరీ మీదే ఇంటికి తెచ్చుకున్నారట. ఆపడానికి ఇన్నేళ్లలో చేతులు రాలేదట.

ఫణీంద్ర క్లిప్పు తీసేశాడు. చప్పుడు అలాగే సాగుతోంది. నలభై మంచాలు, ప్రతి మంచం దగ్గరా కదలని ఒక అంకె కళ్లకు కట్టాయి. భయమేసింది, అంతకు మించి సిగ్గేసింది.

"అయితే అక్కడ ఏం రాయమంటారు?"

"'ఆ మాక్రో నా దగ్గర లేదు' అని రాయి."

"కంపైలర్ తప్పు చూపి అక్కడే ఆగిపోతుందండీ. మానిటర్లు ఇవాళ కదలవు. నా ఉద్యోగం ఊడుతుంది."

"ఆగనీ నాయనా. ఆగితేనే ఎవరో ఒకరు వచ్చి చూస్తారు."