జొన్నలదిన్నెకి వచ్చిన అతిథి

ఏటికి ఇవతల ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని గజకేసరి మహారాజు ఏలేవాడు. ఆయనకి పొగడ్తంటే ప్రాణం. రోజూ పొద్దున్నే మేడ మీద నిలబడి కోతులకి అరటిపళ్ళు విసిరేవాడు. కింద నిలబడ్డవాళ్ళు "జీవకారుణ్యమూర్తికి జే!" అని అరిచేవాళ్ళు. అరవకపోతే ఊరుకునేవాడు కాదు.

పళ్ళ రుచి మరిగిన కోతులు ఊరుకుంటాయా? వంటసాలలో దూరాయి. కుండలు దొర్లించాయి. ఒకరోజు రాజుగారి తలపాగానే ఎత్తుకుపోయి చూరు మీద కూర్చుని పీలికలు చేశాయి.

అప్పుడు వచ్చింది ఆయనకి కోపం. "వీటిని ఇక్కణ్ణించి పంపించెయ్యండి. కానీ ఒక్కదానికీ దెబ్బ తగలకూడదు. నా పేరు పోతుంది," అన్నాడు.

భటులు పెద్ద పెద్ద చెక్కబోనులు చేయించారు. లోపల పండు పెట్టేవాళ్ళు. కోతి వెళ్ళి పండు లాగితే తలుపు ధబ్బున పడేది. నిండిన బోనుల్ని బండ్లకెత్తి ఏరు దాటించి, జొన్నలదిన్నె అనే పల్లె పొలిమేరలో తలుపు తీసేసి, ఒక అరటిగెల అక్కడ పడేసి వచ్చేవాళ్ళు. కోటలో మళ్ళీ జేజేలు.

జొన్నలదిన్నె వాళ్ళేమైపోతారని ఒక్కడూ అడగలేదు. గెల ఒక్క పూటకి సరిపోయింది. తర్వాత కోతులు చేల మీద పడ్డాయి. పాలుపట్టిన కంకుల్ని సగం కొరికి సగం పారేశాయి. ఇళ్ళ మీద గడ్డి పీకేశాయి.

ఆ ఊళ్ళో సుంకులమ్మ అని ఒక ముసలామె. తల్లిలేని ఇద్దరు మనవరాళ్ళని సాకుతోంది. ఆమెకున్నది ఒక్క జొన్నచేను. అందులో సగం అప్పటికే పోయింది. మిగిలిన సగమే వాళ్ళకి ఆ ఏడాది తిండి. మర్నాడు ఇంకో బండి వస్తోందని తెలిసి, కొరికేసిన కంకులు ఒళ్ళో వేసుకుని రాజసభకి వచ్చింది.

"సామీ, రేపటి బండి నిలిపించు. ఆ ఉన్నది కూడా పోతే పిల్లోల్లకి నేనేం పెట్టాల?"

రాజు మీసం దువ్వాడు. "ఏమమ్మా, నేను ఒక్క కోతినైనా చంపానా? కొట్టానా? పళ్ళిచ్చి మరీ సాగనంపాను. ఊరికి అతిథులొస్తే ఏడుస్తారా? కాస్త దయ నేర్చుకో."

సభంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది రాజుగారి బావమరిది బాచిరాజు. అక్కని చూసిపోదామని ఎప్పుడో వచ్చినవాడు, మళ్ళీ పోలేదు. తినడం, పడుకోవడం, వడ్డించేవాళ్ళని తిట్టడం, అదే ఆయన పని.

"అవ్వా, కోతులు తినగా మిగిలింది ఏరుకుని తిను!" అన్నాడు.

సుంకులమ్మ విసురుగా వెనక్కి తిరిగింది. కంకులు నేలరాలాయి.

కొలువులో ఓబళయ్య అని ఒకడుండేవాడు. రాజుని నవ్వించడం అతని ఉద్యోగం. ఆ పూట అతనికి ఒళ్ళు మండిపోయింది. ముసలామెతోపాటు వంగి కంకులు ఏరిపెట్టాడు. తర్వాత రాజుకి దణ్ణం పెట్టాడు.

"ప్రభూ, రేపటి బండి నేను తోలతాను. కోటకి పట్టిన బెడదని మీరు చేసినంత దయగానే వదిలేసి వస్తాను. ఒంటి మీద గీత పడనివ్వను."

"శభాష్! కానివ్వు," అన్నాడు రాజు.

పొద్దున్నే ఓబళయ్య అన్నిటికంటే పెద్ద బోను కడిగించాడు. లోపల పరుపు వేశాడు, పైన పట్టుగుడ్డ కప్పాడు. పండు పెట్టేచోట నెయ్యోడే బొబ్బట్ల పళ్ళెం పెట్టాడు. దాన్ని బాచిరాజు గది ముందు దింపించి పక్కకి తప్పుకున్నాడు.

వాసన తగిలి బాచిరాజు లేచొచ్చాడు. ఎవరివని అడిగితే ఒట్టు. పాక్కుంటూ లోపలికి దూరి పళ్ళెం లాగాడు. తలుపు ధబ్బున పడింది.

"ఒరేయ్! ఎవడ్రా అక్కడ? తియ్యండ్రా తలుపు!"

"బాబుగారూ, ముందు తినండి. చల్లారిపోతాయి," అన్నాడు ఓబళయ్య.

అదీ నిజమేననిపించింది బాచిరాజుకి. తిన్నాడు, పడుకున్నాడు. బండి ఏరు దాటింది.

మధ్యాహ్నం పంక్తిలో బావమరిది కనబడలేదు. ఎప్పుడూ జరగని వింత! "బాచిరాజేడి?" అన్నాడు రాజు.

"జొన్నలదిన్నెలో వదిలొచ్చాను ప్రభూ," అన్నాడు అప్పుడే తిరిగొచ్చిన ఓబళయ్య.

"నీ తల తీయిస్తా!"

"ఆయన ఒంటి మీద గీతుంటే తీయించండి. అరటిగెల కూడా ఇచ్చొచ్చాను."

రాజు మండిపడుతూ గుర్రమెక్కాడు. ఓబళయ్యనీ భటుల్నీ వెంటబెట్టుకుని ఏరు దాటాడు. దారి పొడుగునా చేలల్లో కంకుల్లేని మొండి దంట్లు. ఒక్క ఇంటి మీదా గడ్డి సరిగ్గా లేదు. రాజు గుర్రం నడక తగ్గించాడు.

సుంకులమ్మ వాకిట్లో బాచిరాజు గెల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఖాళీ కుండ దొర్లుతోంది. మనవరాళ్ళిద్దరూ గోడకి ఆనుకుని బిక్కమొహాలేసుకుని చూస్తున్నారు.

"వచ్చినావా సామీ?" అంది సుంకులమ్మ. "పిల్లోల్లకి దాచిన సంకటి మొత్తం మింగినాడు. మింగి, నెయ్యేదని నన్నే తిట్నాడు." అని ఓబళయ్య వైపు తిరిగింది. "నువ్వూ పెద్దమనిషివే! రాజుకి బుద్ధి చెప్పేదానికి నా కుండే దొరికిందా నీకు?"

ఓబళయ్య తల దించుకున్నాడు. "తప్పే అవ్వా. ఆ మాట నాకు తట్టలేదు," అన్నాడు.

"చూశావా!" అని అరిచాడు రాజు. "మా ఇంటివాణ్ణి తెచ్చి వీళ్ళ నెత్తిన పడేస్తావా? వీళ్ళ కూడంతా తినేశాడు!"

"అతిథి కదా ప్రభూ. కాస్త దయ నేర్చుకోమని మీరే చెప్పారు ఈమెకి."

రాజు మీసం మీద చెయ్యేసి, తీసేశాడు.

ఓబళయ్య ఆగలేదు. "ఈయన ఒక్కడు, తిన్నది ఒక్క పూట. మీ బండ్లు దించినవి గుంపులు! బెడద పోలేదు ప్రభూ, ఏరు దాటింది, అంతే. వాటికి అడవిలో మేడిచెట్లుండేవి. మీ విహారతోట కోసం కొట్టించారు. తర్వాత పొగడ్త కోసం పళ్ళు విసిరి అలవాటు చేశారు. చేసింది మీరు, పస్తుండేది ఈ పిల్లలా?"

సుంకులమ్మ మనవరాళ్ళని దగ్గరికి లాక్కుంది. బాచిరాజు మాత్రం గెల సర్దుకుంటూ, "బావగారూ, ఇక్కడ వంటేం బాగోలేదండీ," అన్నాడు.

రాజుకి నవ్వాగలేదు. పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే ఆ పిల్లల్ని చూశాడు. నవ్వు సగంలో ఆగింది.

"రేపణ్ణించి మేడ మీద పళ్ళు విసరడం లేదు," అన్నాడు. "వంటసాల కిటికీలకి జాలీలు కొట్టించండి. విహారతోట గోడ అడవివైపు పడగొట్టండి, ఆ తోటా, అందులో పళ్ళూ ఇక కోతులవే. తల్లీ పిల్లా విడిపోకుండా అన్నిటినీ అక్కడ దించండి. ఈ ఊరికి కోట గాదెల్లోంచి జొన్నలు రావాలి. మొదటి బస్తా ఈ ఇంట్లో, చీకటిపడేలోగా దిగాలి."

తన శాలువా తీసి ఓబళయ్య భుజాన కప్పాడు. "నీకేం కావాలో అడుగు."

"కోతులన్నీ వెళ్ళేదాకా ఈ అవ్వ చేనుకి కాపలా కావాలి. బాచిరాజుగారిని ఇప్పించండి."

ఈసారి రాజు ఏటి అవతలికి వినబడేలా నవ్వాడు. "ఇచ్చాను! డప్పు కూడా ఇవ్వండి. కొట్టేది డప్పుని, కోతుల్ని కాదు!"

పొద్దుగూకేవేళకి బాచిరాజు మంచె మీదున్నాడు. డప్పు మోగించలేక, అరవలేక చెమటలు కక్కుతున్నాడు. "హో... హో..." అని సన్నగా అన్నాడు.

"గట్టిగా అరువయ్యా!" అంది కిందనించి సుంకులమ్మ. "సంకటి తిన్నప్పుడు లేదే ఈ నీరసం!"