ముద్ర పెట్టె తాళం

“పెట్టెకు తాళమేసి ఏటికి పోతినమ్మా…” తరువాతి ముక్క మరిచిపోయాను. మా వీధిలో ఉండే జరీనా అత్త మీద కట్టిన పాట అది.

ఆవిడ ఇరాను నుంచి ఓడెక్కి వచ్చి, తాళాలు చేసుకుని బతుకుతానని మా సంస్థానంలో అనుమతి అడిగిందట. దివాను భుజంగరావు గారు మీసం దువ్వారు.

“నీ పని మావాళ్ళెవరికీ రాదని తేలితేనే ఉండనిస్తా. లేదంటే రేపటి ఓడెక్కు. కాగితం మీద ముద్ర పడకుండా పనిలో చెయ్యి పెట్టావో, జైలే!”

ఆవిడ వెంట తెచ్చిన తాళాన్ని ఆయనే తన ముద్ర పెట్టెకు బిగించి, దాన్ని తియ్యమని ఊళ్ళో కమ్మరులందరినీ పిలిపించారు. చెమటలు కక్కుతూ లాగారు పాపం. తాళం కదల్లేదు.

“సరే, తియ్యవమ్మా.”

“అమ్మో, అది పని కాదా దొరా? జైలన్నారుగా!”

“అనుమతి ఇద్దామంటే ముద్ర పెట్టెలో ఉండిపోయిందే!”

“నన్ను వెళ్ళగొట్టే కాగితానికీ ఆ ముద్రే కావాలిగా. అందాకా ఇక్కడే కూర్చుంటాను లెండి.”

సభంతా ఘొల్లుమంది. దివాను గారు కూడా నవ్వాపుకోలేక, ఆవిడ ఉండొచ్చని అప్పటికప్పుడే దండోరా వేయించారు. అప్పుడు తీసింది తాళం.

నేను అత్తారింటికి బయలుదేరిన రోజు అడిగాను, “అంత గట్టి తాళమా అత్తా అది?” అని. చెవిలో చెప్పింది, నాతో ఆవిడ అన్న ఆఖరి మాట అదే.

“లేదే పిచ్చిపిల్లా, లోపలికి నొక్కితే వచ్చేస్తుంది. వాళ్ళందరూ లాగారు.”