రాజుగారి కంటితో తెగిన తల

కుంభవరం అనే రాజ్యాన్ని ఒకప్పుడు ఉదగ్రవర్మ అనే రాజు ఏలేవాడు. ఆయనకు తన చూపు మీద అపారమైన గర్వం. తన కంట పడనిది లోకంలో లేదని, తన కంట పడినది అబద్ధం కాదని ఆయన నమ్మకం. అందుకని ‘సహస్రాక్ష’ అనే బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడు. మంత్రులు చప్పట్లు కొట్టారు. ఆనాటి నుంచి రాజు చూశానంటే చాలు, వేరే సాక్ష్యం అక్కర్లేకుండా పోయింది.

ఒకరోజు మావటి బొల్లనను సభకు ఈడ్చుకొచ్చారు. ముందురోజు మునిమాపువేళ అతను రాణిగారి తోటలో దానిమ్మపళ్ళు కోస్తుంటే మేడ మీద నుంచి రాజు చూశాడట.

“అది నేను కాదు, ఏలినవారు మన్నించాలి. జబ్బు చేసిన ఏనుగు దగ్గరే ఉన్నాను,” అన్నాడు బొల్లన.

“అంటే నా కన్ను అబద్ధమాడిందా?” అన్నాడు రాజు. “పళ్ళు కోసినందుకైతే కొరడా దెబ్బలతో పోయేది. నా చూపును శంకించినందుకు వీడి తల తీయించండి.”

బొల్లన ఏనుగుశాల వదల్లేదని సభలో సగం మందికి తెలుసు. మహామంత్రి అయితే స్వయంగా అతన్ని అక్కడ చూశాడు కూడా. అయినా “ఏమి దృష్టి, ఏమి దృష్టి” అంటూ తలూపాడు.

సింహాసనం పక్కన నిలబడి తాంబూలం అందించే గౌరసానికి ఒళ్ళు మండింది. రాజుగారి తండ్రి నాటి నుంచి కొలువులో ఉన్న మనిషి, మాట పదునుకు పేరుపడ్డది. ఎదురు చెబితే తన తలా పోతుందని ఆమెకు తెలుసు. తమలపాకు ఈనెలు తీస్తూ కాసేపు ఆలోచించింది.

“ప్రభూ, ఇంతటి దృష్టి ఉండగా తలారి కత్తి ఎందుకు? మీ చూపుతోనే వీడి తల ఎగిరిపోతుంది. సెలవిస్తే చూపిస్తాను,” అంది.

ఆ మాట ఉదగ్రవర్మకు భలే నచ్చింది. “కానియ్యి,” అన్నాడు.

ఆమె బొల్లనను సింహాసనానికి కాస్త ఎడంగా, ఒక తెల్లటి తెర ముందు నిలబెట్టింది.

“ఎడమకన్ను మూసుకోండి. కుడికంటితో నా చేతిలో ఆకునే చూడండి. చూపు పక్కకు కదిలిందా, తల తెగదు.”

ఆకును బొల్లన తల ఎత్తులో పట్టుకుని, అతని దగ్గర నుంచి రాజుకు ఎడమవైపుగా మెల్లగా జరగసాగింది. ఏడాది కిందట కళ్ళకలక వచ్చి ఒక కంటికి కట్టు కట్టుకున్నప్పుడు, రెండో కంటితో కాస్త పక్కకు చూస్తుంటే గూట్లో దీపం ఉన్నట్టుండి మాయమవడం ఆమె గమనించింది. తన కంటికి జరిగినది రాజు కంటికి జరక్కపోతే?

“తల పోయింది,” అన్నాడు రాజు. “మొండెం ఉంది. మెడ పైన వట్టి తెర కనిపిస్తోంది.”

గౌరసాని సభ వైపు తిరిగింది. “శిక్ష అమలైంది. రాజుగారు స్వయంగా చూశారు. వేరే సాక్ష్యం అక్కర్లేదు.”

రాజు రెండో కన్ను తెరిచాడు. బొల్లన తల ఉండాల్సిన చోటే ఉంది, చెమటలు కక్కుతూ.

“మళ్ళీ వచ్చిందే?”

“ఒక నేరానికి రెండుసార్లు తల తీయడం న్యాయం కాదు, ప్రభూ.”

“ఇది కనికట్టు,” అన్నాడు మహామంత్రి.

“అయితే తమరు వచ్చి నిలబడండి.”

ఆయన నిలబడ్డాడు. ఆయన తలా పోయింది. తల లేకపోయినా మంత్రిలో పెద్ద తేడా ఏమీ కనబడలేదని రాజు చెప్పాడు. అంతలోనే రాజు ముఖం చిన్నబోయింది.

“నా కంటికేమైంది, గౌరసానీ?”

“ఏమీ కాలేదు, ప్రభూ. అందరి కళ్ళూ ఇంతే. ప్రతి కంటిలోనూ ఒక చిన్న చోటు గుడ్డిది. రెండూ తెరిచి ఉంటే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఒక్కటే తెరిచి ఉంటే మనసు చుట్టుపక్కల రంగు తెచ్చి ఆ చిల్లు పూడ్చేస్తుంది. చిల్లు ఉన్న సంగతి మాత్రం యజమానికి చెప్పదు.” ఆమె మంత్రుల వరుస కేసి ఒకసారి చూసింది. “కొలువులో మేం చేసే పనీ అదే కదా.”



“మరి సహస్రాక్షుడికి?” అన్నాడు రాజు, నెమ్మదిగా.

“వెయ్యి చిల్లులు.”

ఉదగ్రవర్మ పొట్ట పట్టుకుని నవ్వాడు. బొల్లనను విడిపించి, తన చేతి కడియం తీసి గౌరసానికి ఇచ్చాడు.

ఆపైన ఆయన సాక్షులను పిలిపించకుండా తీర్పు చెప్పలేదు. సభలో విసుగు పుట్టినప్పుడు మాత్రం ఒక కన్ను మూసుకుని, మహామంత్రికి కాస్త పక్కగా చూస్తూ కూర్చునేవాడు.