బోడికొండ మీద రాళ్ల వరసలు

అనగనగా ఒక కొండ. ఒకప్పుడు దాని నిండా అడవే. తర్వాత చెట్లు పోయాయి, గడ్డి పోయింది, వాన కురిసినప్పుడల్లా మన్ను కూడా కొట్టుకుపోయింది. చివరికి రాళ్లు తేలి బోడికొండ అయింది. కింద ఒక్క ఊట మిగిలింది. అదీ ఏటేటా సన్నబడిపోతోంది. అది కూడా ఎండితే జంతువులన్నీ కొండ వదిలిపోవలసిందే.

ఆ కొండకు పెద్ద గున్నయ్య అనే అడవిపంది. మంచివాడే, కాకపోతే ఎవరి మాటా చెవిన పెట్టడు. అతనికి ఆరుగురు పిల్లలు. ఊట దగ్గర ఆ పిల్లలు నాకిన బురదనే మళ్లీ మళ్లీ నాకుతుంటే గున్నయ్యకు కడుపు తరుక్కుపోయింది. కొండను నేనే బాగుచేస్తానని నడుం కట్టాడు.

మొదటి ఏడు కొండ కింద పెద్ద గుంట తవ్వాడు. వాన వచ్చింది. పైనున్న మన్నంతా జారివచ్చి ఒక్క పూటలో గుంట పూడిపోయింది.

రెండో ఏడు ఎక్కడెక్కడి నుంచో విత్తనాలు తెచ్చి నాటాడు. మొలిచాయో లేదోనని రోజూ పొద్దున్నే ముట్టెతో తవ్వి చూసుకునేవాడు. ఇక అవేం మొలుస్తాయి, మీరే చెప్పండి.

మూడో ఏడు గున్నయ్య దిగాలుగా కూర్చుని ఉంటే సింగారి అనే కౌజుపిట్ట వచ్చింది. పిడికెడంత పిట్ట. కొండ నెత్తిన నేలమీదే దాని గూడు. వాన నీళ్లు ఎక్కడ మొదలై ఎటు పోతాయో దానికి బాగా తెలుసు.

“మామా, నువ్వు నీళ్లను కింద పట్టుకోవాలని చూస్తున్నావు. అక్కడికొచ్చేసరికి అవి పరుగులో ఉంటాయి, ఎవరికీ ఆగవు. కొండ నెత్తిన మెల్లగా నడుస్తుంటాయి. అక్కడైతే నాలుగు రాళ్లు అడ్డం పెట్టినా ఆగుతాయి” అంది సింగారి.

గున్నయ్యకు మొదట రోషం వచ్చింది. ఇంత పిట్ట నాకు చెప్పడమా అనుకున్నాడు. అంతలోనే పిల్లల ఎండిన నోళ్లు గుర్తొచ్చాయి. రోషం దిగమింగుకుని, “పద, చూపించు” అన్నాడు.

సింగారి ముందు నడిచి చోటు చూపించింది. గున్నయ్య ముట్టెతో పెద్ద రాళ్లు దొర్లించాడు. ఏదుపందులు, కుందేళ్లు సందుల్లో చిన్న రాళ్లు కూరాయి. పైనుంచి కిందికి ఒక్కో వరసే పేర్చుకుంటూ వచ్చారు. వాన పడ్డాక ప్రతి వరస వెనకా కాస్త మన్ను, కాస్త తడి నిలిచాయి. ఎవరూ ఏమీ నాటకుండానే, ఎప్పుడో చచ్చిపోయాయనుకున్న వేళ్లు చిగురు వేశాయి. చూసి గున్నయ్య ఎంత మురిసిపోయాడో.

వేళ్లు నిలదొక్కుకునేదాకా, ఇక రెండేళ్లు ఎవరూ అక్కడ నోరు పెట్టకూడదని సింగారి చెప్పింది. అందరూ సరేనన్నారు.

అసలు కష్టం ఎండాకాలంలో వచ్చింది. రాళ్ల వరసల వెనక తుంగగడ్డలు ఊరాయి. వాటి వాసనకు గున్నయ్య ముట్టె దురదపెట్టింది. పిల్లలు ఆకలితో చుట్టూ చేరారు. “నాన్నా, ఈ కొండకు పెద్ద నువ్వే కదా. మనం తవ్వుకుంటే ఎవరడుగుతారు?” అంది చిన్నది. దూరం నుంచి జింకలు, కుందేళ్లు చూస్తున్నాయి. పెద్దే తవ్వితే తామూ మేయవచ్చని వాటి ఆశ.

“పెద్దనైనందుకే ముందు నా నోరు కట్టుకోవాలి తల్లీ” అన్నాడు గున్నయ్య. పిల్లల్ని వెంటబెట్టుకుని రెండు కొండలు దాటి వెళ్లి, అక్కడ మేపుకొచ్చాడు. ఎండలు తగ్గేదాకా రోజూ అంతే. అది చూశాక ఒక్క జింక కూడా రాళ్ల వరస దాటలేదు.

రెండేళ్లు గడిచాయి. కొండ పచ్చబడింది. ఊట నిండి, పొంగి, కిందికి పారింది. గున్నయ్య పిల్లలు కడుపునిండా తాగి నీళ్లలోనే పొర్లారు. పక్క కొండ జంతువులు చూడ్డానికి వచ్చి, ఇంత పని చేసింది ఎవరని అడిగాయి. అందరూ గున్నయ్యను చూపించారు.

గున్నయ్య తల అడ్డంగా ఊపాడు. “దారి చెప్పింది సింగారి. రాళ్లు పేర్చింది అందరం. నేను తవ్వకుండా ఊరుకున్నాను, అంతే” అన్నాడు.

నీతి: పాడైన నేలను బాగుచేయాలంటే దాన్ని ఎరిగినవారు ఎంత చిన్నవారైనా వారి మాట వినాలి; అందరికీ పెట్టిన కట్టుబాటును పెద్దలే ముందు పాటించాలి.